కంపెనీ స్టీరియో తీసి కొత్తది మీరే బిగించుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

కారుతో పాటు వచ్చిన స్టీరియో తీసేసి, నచ్చినది సొంతంగా బిగించుకోవాలనుకునేవాళ్లు పదే పదే అడిగే ప్రశ్నలు ఇవి. జవాబులన్నీ 12 వోల్టుల బ్యాటరీ ఉన్న కార్లకే. 24 వోల్టుల లారీకో బస్సుకో కారు స్టీరియోను నేరుగా తగిలిస్తే కాలిపోతుంది. మధ్యలో కన్వర్టర్ ఉండాలి.

కరెంటు పని తెలియనివాళ్లు కూడా చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. స్క్రూలు విప్పడం, మల్టీమీటర్‌లో వోల్టులు చూడటం, రెండు వైర్లకు గట్టి జాయింటు వేయడం, ఈ మూడూ వస్తే చాలు. మూడోది రాకపోతే పనికిరాని వైరు ముక్కల మీద ముందురోజు చేయి తిప్పుకోండి.

పని పెట్టుకునే రోజు మాత్రం చూసుకోండి. పగటిపూట మొదలుపెట్టాలి, ఆ సాయంత్రం కారుతో అవసరం ఉండకూడదు. డాష్‌బోర్డులో క్లిప్పులు విరిగేది, వైర్లు తారుమారయ్యేది చీకటి పడ్డాక తొందరపడినప్పుడే.

నేను అందరికీ మొదట చెప్పే నియమం ఒకటుంది: ఏ అడుగు వేసినా దాన్ని వెనక్కి తీసుకోగలిగేలా వేయండి. కొత్త స్టీరియో నచ్చకపోయినా, కారు అమ్మాల్సి వచ్చినా, గంటలో పాతది మళ్లీ దాని చోట్లో కూర్చోవాలి. కింద చెప్పే చాలా సలహాలు ఈ నియమం నుంచి వచ్చినవే.

ఏ కార్లలో చేయి పెట్టకపోవడం మంచిది?

స్టీరియో తెర మీదే ఏసీ కంట్రోళ్లు, కారు సెట్టింగులు, పార్కింగ్ సెన్సర్ల బొమ్మలు అన్నీ ఉంటే ఆగి ఆలోచించండి. అలాంటి కార్లలో మీరు తీస్తున్నది పాటల పెట్టె ఒక్కటే కాదు, కారు సగం పనులు నడిపే కంట్రోలు కూడా. కొన్ని మోడళ్లకు ఈ పనులన్నిటినీ కొత్త తెరకు మళ్లించే ప్రత్యేక ఇంటర్‌ఫేస్‌లు దొరుకుతాయి. దొరక్కపోతే ఆ కారును వదిలేయండి.

స్టీరియోకు, యాంప్లిఫయర్‌కు మధ్య రాగి వైర్ల బదులు ఆప్టికల్ ఫైబర్ నడిచే ఖరీదైన కార్లు కూడా ఈ కోవలోవే. వాటిలో శబ్దం వెలుతురు రూపంలో వెళుతుంది. మామూలు స్పీకర్ వైరు తీసుకెళ్లి ఎక్కడ కలపాలో అక్కడ చోటే ఉండదు.

ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్లలో స్టీరియో నడిచేది విడిగా ఉన్న 12 వోల్టుల వ్యవస్థ మీదే కాబట్టి పద్ధతి మారదు. నారింజ రంగు తొడుగున్న లావు కేబుళ్ల జోలికి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వెళ్లొద్దు. అవి హై వోల్టేజివి.

సింగిల్ డిన్, డబుల్ డిన్ అంటే ఏంటి?

జర్మనీ ప్రమాణాల సంస్థ డిన్ నిర్ణయించిన కొలతలు ఇవి. తర్వాత ఐఎస్ఓ 7736 పేరుతో అంతర్జాతీయ ప్రమాణమయ్యాయి. సింగిల్ డిన్ స్టీరియో ముఖం 180 మి.మీ. వెడల్పు, 50 మి.మీ. ఎత్తు. డబుల్ డిన్ అదే వెడల్పుతో 100 మి.మీ. ఎత్తు. టయోటా, ఇంకొన్ని జపాన్ కార్లలో ఖాళీ 200 మి.మీ. వెడల్పు ఉంటుంది; అందులో మామూలు డబుల్ డిన్ పెడితే రెండు పక్కలా సందులు మిగులుతాయి, వాటిని మూయడానికి సన్నటి పట్టీలు దొరుకుతాయి.

ఇప్పుడొస్తున్న 9, 10 అంగుళాల తెరలు ఈ లెక్కలోకి రావు. వాటికి కారు మోడల్‌ను బట్టి చేసిన ఫ్రేము కావాలి.

కొత్తది మా కారులో పడుతుందో లేదో ముందే ఎలా తెలుసుకోవాలి?

ముఖం కొలత కుదిరితే సరిపోదు, లోతు కూడా చూడాలి. పాతది బయటికి తీశాక ఖాళీలో స్కేలు పెట్టి వెనక గోడ దాకా కొలవండి. వెనక కప్లర్లకు (వైర్ల గుత్తిని ఒకేసారి కలిపే ప్లగ్గులు), వైర్ల మెలికకు కనీసం నాలుగైదు సెంటీమీటర్లు వదలాలి. సీడీ నడిపే యూనిట్లు లోతుగా ఉంటాయి, సీడీ లేనివి చాలా పొట్టిగా ఉంటాయి. ఏసీ గాలి గొట్టం వెనక అడ్డం వచ్చే కార్లలో ఈ తేడాతోనే పని అవుతుందా కాదా అన్నది తేలుతుంది.

నా సలహా ఏమిటంటే, కొత్తది కొనకముందే ఒకసారి పాతది బయటికి లాగి చూడండి. కప్లర్ల ఆకారం, యాంటెనా ప్లగ్గు, లోతు అన్నీ ఫోన్‌లో ఫోటోలు తీసుకుని పాతదాన్ని మళ్లీ పెట్టేయండి. ఆ ఫోటోలు చేతిలో ఉంటే తప్పు సామాను కొనే అవకాశం చాలా తగ్గుతుంది.

స్టీరియో కాకుండా ఇంకేం కొనాలి?

మీ కారు మోడల్‌కు సరిపోయే ఫ్రేము, కారు కప్లర్‌కు కొత్త స్టీరియోకు మధ్య పెట్టే అడాప్టర్ కప్లర్, అవసరమైతే యాంటెనా అడాప్టర్. స్టీరింగ్ మీద బటన్లుంటే, వాటి రకాన్ని బట్టి ఇంటర్‌ఫేస్. అడాప్టర్ కప్లర్‌ను మాత్రం మానేయొద్దు, కారణం కింద వివరంగా రాశాను.

పనిముట్లలో మల్టీమీటర్ తప్పనిసరి. డాష్‌బోర్డు ఊడదీయడానికి ప్లాస్టిక్ పట్టీలు, స్టార్ బిట్లు, బ్యాటరీ నట్టుకు 10 నంబర్ పానా, వైరు ఒలిచే కట్టర్, క్రింపింగ్ ప్లయర్ (వైర్లను చిన్న లోహపు గొట్టంలో పెట్టి నొక్కి కలిపేది) ఉండాలి. వైర్లకు చుట్టడానికి బట్ట టేపు తెచ్చుకోండి. మామూలు పీవీసీ టేపు ఎండ వేడికి జిగురు కారి కొన్నాళ్లకు ఊడిపోతుంది.

బ్యాటరీ వైరు తీయకుండా చేయొచ్చా?

వద్దు. కొత్త కారైతే అసలే వద్దు.

ముందు మైనస్ తీయండి. ప్లస్ విప్పుతుండగా పానా కారు బాడీకి తగిలితే పెద్ద షార్టు అవుతుంది. మైనస్ ముందే ఊడదీసి ఉంటే సర్క్యూటే పూర్తి కాదు. తగిలించేటప్పుడు మైనస్ చివర్లో.

తీసిన వెంటనే డాష్‌బోర్డు మీద చేయి వేయకుండా కొన్ని నిమిషాలు ఆగండి. గుద్దుకున్నప్పుడు బ్యాటరీ తెగిపోయినా ఎయిర్‌బ్యాగు విచ్చుకునేలా దాని కంట్రోల్ యూనిట్ కాస్త కరెంటు దాచుకుని ఉంటుంది. అది దిగిపోవాలి. ఎంతసేపన్నది మీ కారు మాన్యువల్‌లో ఉంటుంది. డాష్‌బోర్డు లోపల పసుపు రంగు కప్లర్లు కనిపిస్తే అవి సాధారణంగా ఎయిర్‌బ్యాగువే. వాటిని విప్పొద్దు, మీటరు పెట్టొద్దు.

ఒక జాగ్రత్త: కొన్ని కంపెనీ స్టీరియోలు బ్యాటరీ తీసి పెడితే కోడ్ అడుగుతాయి. ఆ కోడ్ మీ దగ్గర ఉందో లేదో ముందే చూసుకోండి. కిటికీ అద్దాలు ఒక్క నొక్కుతో పైకెక్కడం ఆగిపోవచ్చు కూడా. మాన్యువల్‌లో చెప్పినట్టు అద్దాన్ని పూర్తిగా దించి, ఎక్కించి, బటన్ పట్టుకుంటే మళ్లీ నేర్చుకుంటుంది.

డాష్‌బోర్డు ప్లాస్టిక్ విరగకుండా ఎలా తీయాలి?

ఎండలో ఉన్న కారు దీనికి మంచిది. చలికి బిగుసుకున్న క్లిప్పు విరుగుతుంది, వెచ్చగా ఉన్నది వంగుతుంది. మూల నుంచి మొదలుపెట్టి, ప్లాస్టిక్ పట్టీ దూర్చి, ఒక్కో క్లిప్పూ టక్కుమనే దాకా మెల్లగా లేపుతూ పోండి. ఎక్కడైనా మొండికేస్తే లాగొద్దు. అక్కడ దాగున్న స్క్రూ ఏదో ఉంది. మూతల కింద, యాష్ ట్రే వెనక, గ్లవ్ బాక్స్ తీస్తే కనిపించే పక్కన వెతకండి. ఇనుప స్క్రూడ్రైవర్‌తో తిప్పితే పడే గాటు కారు ఉన్నంతకాలం కనిపిస్తుంది.

ప్యానెల్ ఊడిందని ఒక్కసారిగా ముందుకు లాగేయకండి. హజార్డ్ లైటు స్విచ్, కొన్ని కార్లలో ఏసీ నాబ్‌లు, ఎయిర్‌బ్యాగు సూచిక దీపం దానికే అంటుకుని ఉంటాయి. చేయి వెనక్కి పోనిచ్చి కప్లర్ల లాక్ నొక్కి తీయండి.

పాత స్టీరియోకు స్క్రూలే కనబడటం లేదు, ముందు భాగంలో చిన్న బెజ్జాలున్నాయి.

దానికి ప్రత్యేక తాళాలుంటాయి, సన్నటి కడ్డీల్లాంటివి. నాలుగు బెజ్జాలుంటే యూ ఆకారపు కడ్డీలు రెండు కావాలి. రెండు పక్కలా దూర్చి, కొద్దిగా బయటికి విడదీస్తూ లాగితే జారి వస్తుంది.

కంపెనీ కప్లర్ కోసేసి వైర్లు నేరుగా ముడేస్తే పని త్వరగా అవుతుంది కదా?

అవుతుంది, ఆ ఒక్కరోజుకి. కోయొద్దని గట్టిగా చెబుతున్నాను.

కప్లర్ అనేది కారు వైరింగ్ చిరునామా. ఏ పిన్నులో ఏ వైరు ఉందో మాన్యువల్లో రాసి ఉంటుంది, మెకానిక్ ఎవరైనా దాన్ని చూసి చెప్పగలడు. కోసిన క్షణం ఆ చిరునామా పోతుంది. తర్వాత ఎవరు చేయి పెట్టినా మీరు వేసిన ముడులు చూసి ఊహించుకోవాల్సిందే. పాత స్టీరియో మళ్లీ పెట్టే దారి కూడా మూసుకుపోతుంది. వారంటీలో ఉన్న కారైతే, ఎక్కడో సంబంధం లేని ఎలక్ట్రికల్ సమస్య వచ్చినా వేలు ముందు ఆ కోసిన వైర్ల వైపే చూపిస్తారు.

అడాప్టర్ కప్లర్ వాడితే ఒక కొన కారు కప్లర్‌లో పడుతుంది, ఇంకో కొన వైర్లు కొత్త స్టీరియో వైర్లతో కలుస్తాయి. జాయింట్లన్నీ మీరు కొన్న ముక్కలోనే ఉంటాయి, కారు వైరు ఒక్కటీ తెగదు. పైగా ఆ జాయింట్లన్నీ ఇంట్లో బల్ల మీద కూర్చుని, వెలుతురులో, తీరిగ్గా వేసుకోవచ్చు. డాష్‌బోర్డులోకి తల దూర్చి చేసే పని, కప్లర్లు నొక్కడం దాకా తగ్గిపోతుంది. కొన్ని మోడళ్లకు వైరు కలపడం కూడా అక్కర్లేని కప్లర్ టు కప్లర్ కిట్లు దొరుకుతాయి. దొరికితే అదే తీసుకోండి.

ఏ రంగు వైరు దేనికి?

బయట కొనే స్టీరియోల్లో చాలావరకు ఒకే పద్ధతి నడుస్తుంది. పసుపు బ్యాటరీ నుంచి నేరుగా, తాళం తీసినా ఉండే 12 వోల్టులు. ఎరుపు తాళం తిప్పితేనే వచ్చే 12 వోల్టులు. నలుపు ఎర్తు. నారింజ హెడ్‌లైట్లు వేస్తే తెర వెలుతురు తగ్గించడానికి. నీలం యాంటెనాకు, నీలం మీద తెల్లగీత యాంప్లిఫయర్‌ను లేపడానికి.

స్పీకర్లు నాలుగు జతలు: తెలుపు ముందు ఎడమ, బూడిద ముందు కుడి, పచ్చ వెనక ఎడమ, ఊదా వెనక కుడి. గీత లేని వైరు ప్లస్, అదే రంగు మీద నల్లగీత ఉన్నది మైనస్.

ఇది స్టీరియో వైపు వైర్ల సంగతి. కారు వైపు వైర్లకు ఈ రంగులు వర్తించవు. ఒక్కో కార్ల కంపెనీది ఒక్కో పద్ధతి, ఒకే కంపెనీలో కూడా మోడల్ మారితే రంగు మారుతుంది. కారు వైపు ఎరుపు కనిపించింది కదా అని స్టీరియో ఎరుపుకు కలిపేయకండి.

మరి కారు వైపు ఏ వైరు ఏదో ఎలా కనిపెట్టాలి?

మోడల్‌కు తగిన అడాప్టర్ ఉన్నా సరే, మీటరుతో ఒకసారి సరిచూడండి. చేతిలో ఉన్న మీటరు మాట నమ్మాలి. ఇంటర్నెట్‌లో దొరికిన బొమ్మ మీ కారు సంవత్సరానిది కాకపోవచ్చు.

ముందు బ్యాటరీ తీసి ఉండగానే ఎర్తు, స్పీకర్లు చూసుకోండి. మీటరును ఓమ్‌ల మీద పెట్టి ఒక ప్రోబ్ రంగు లేని బాడీ ఇనుముకు ఆనించి, రెండోది కప్లర్ పిన్నులకు ఒక్కొక్కటిగా ఆనించండి. దాదాపు సున్నా చూపించింది ఎర్తు. తర్వాత స్పీకర్ జతలు: మామూలు 4 ఓమ్‌ల స్పీకరు మీటరులో 4 కంటే కాస్త తక్కువే, మూడు పైచిలుకు చూపిస్తుంది. ఏ రెండు పిన్నుల మధ్య అలా చూపిస్తే అవి ఒక జత. స్పీకర్ పిన్నుకు, బాడీకి మధ్య మాత్రం ఏమీ చూపించకూడదు. చూపిస్తే తలుపులో ఎక్కడో వైరు ఒరుసుకుని బాడీకి తగులుతోంది, లేదా చాలా పాత కార్లలోలాగా స్పీకర్ల మైనస్‌లు ఎర్తుకు కలిపి ఉన్నాయి. రెండింటిలో ఏదైనా సరే, సరిచేయకుండా కొత్త స్టీరియో తగిలించొద్దు.

ఏ జత ఏ తలుపుదో తెలియాలంటే 1.5 వోల్టుల పెన్సిల్ బ్యాటరీ చాలు. జతకు క్షణంపాటు తాకించి తీసేయండి. ఏ స్పీకరు టప్పుమంటే అది. స్పీకరు కోన్ (కదిలే గరాటు భాగం) కనబడుతుంటే, అది బయటికి పొంగినప్పుడు బ్యాటరీ ప్లస్ తాకిన వైరే స్పీకర్ ప్లస్; లోపలికి పోతే మైనస్.

ఇప్పుడు ప్యానెల్ కప్లర్లన్నీ తిరిగి పెట్టి, బ్యాటరీ తగిలించి, మీటరును 20 వోల్టుల డీసీ మీద పెట్టండి. నల్ల ప్రోబ్ ఎర్తుకు. తాళం తీసి ఉండగానే 12.5 వోల్టుల చుట్టుపక్కల చూపించేది పసుపుకు వెళ్లాలి. తాళం ఏసీసీకి (ఇంజిన్ స్టార్ట్ కాకుండా స్టీరియో నడిచే స్థానం) తిప్పాక కొత్తగా 12 చూపించేది ఎరుపుకు. పార్కింగ్ లైట్లు వేస్తే వచ్చేది నారింజకు. ప్రోబ్ జారి రెండు పిన్నులకు ఒకేసారి తగలకుండా చూసుకోండి, ఫ్యూజు పోయేది అక్కడే.

బల్బు ఉండే పాతకాలం టెస్టర్ ఈ పనికి వాడొద్దు. అది లాగే కరెంటు కంప్యూటర్ తీగలకు, ఎయిర్‌బ్యాగుకు ప్రమాదం.

తాళం తిప్పినా ఏ పిన్నులోనూ కొత్తగా 12 వోల్టులు రావడం లేదు.

మీ కారులో ఆ వైరే లేదు. ఈమధ్య కార్లలో చాలావాటికి "తాళం తిప్పారు" అన్న కబురు క్యాన్ బస్ అనే సమాచార తీగల మీద వెళుతుంది. దాన్ని చదివి 12 వోల్టులుగా మార్చే క్యాన్ బస్ డబ్బా ఉన్న అడాప్టర్ కొనాలి. ఎరుపు, పసుపు కలిపి బ్యాటరీకే తగిలించేస్తే స్టీరియో వెలుగుతుంది నిజమే, కానీ మీరు ఆపడం మరిచిన రాత్రి బ్యాటరీ ఖాళీ.

కారు ఆపి తీస్తే స్టేషన్లు, సెట్టింగులు అన్నీ పోతున్నాయి.

ఎరుపు, పసుపు తారుమారయ్యాయి. చాలా కార్లలో ఉండే ఐఎస్ఓ ప్రమాణం కప్లర్‌లో 4వ పిన్ను శాశ్వత కరెంటుకు, 7వది తాళం కరెంటుకు. ఫోక్స్‌వ్యాగన్ కుటుంబంలోని కార్లు చాలావాటిలో ఇవి అటుదిటు. అందుకే కొన్ని అడాప్టర్లలో ఈ రెండు వైర్లకు మధ్యలో ఊడదీసి మార్చిపెట్టే బుల్లెట్ కనెక్టర్లు ఇస్తారు. మార్చి పెడితే సరిపోతుంది.

స్పీకర్ మైనస్‌లన్నీ కలిపి ఎర్తుకు ఇచ్చేయొచ్చా?

ఎప్పుడూ ఇవ్వకూడదు. ఇప్పటి స్టీరియోల్లో స్పీకర్ రెండు వైర్లనూ యాంప్లిఫయరే నడుపుతుంది; మైనస్ వైరులో కూడా సుమారు 6 వోల్టులుంటాయి. దాన్ని బాడీకి ఆనిస్తే లోపలి ఐసీ (యాంప్లిఫయర్ చిప్) షార్టవుతుంది. మంచి యూనిట్ అయితే తనంతట తానే ఆగిపోతుంది, లేకపోతే కాలిపోతుంది.

జాయింటు: టంకమా, క్రింపా?

సరైన ప్లయర్‌తో నొక్కిన క్రింపు నా ఎంపిక. కారు ఎప్పుడూ అదురుతూ ఉంటుంది, టంకం పాకిన చోట వైరు బిరుసెక్కి దాని అంచు దగ్గర తెగే అవకాశం ఉంది. టంకం బాగా వచ్చినవాళ్లు వేసి, పైన హీట్ ష్రింక్ గొట్టం తొడిగి, వైరును కదలకుండా కడితే అదీ నిలుస్తుంది. చేత్తో మెలిపెట్టి టేపు చుట్టడం మాత్రం జాయింటు కిందికే రాదు. ఉన్న వైరును గాటు పెట్టి పట్టుకునే నీలం ప్లాస్టిక్ క్లిప్పులు కూడా ఈ పనికి వద్దు. అవి తీగపోగులను కోసేస్తాయి.

వైరును కుదించడానికో పొడిగించడానికో పసుపు వైరు మీదున్న ఫ్యూజును కోసి తీసేయకండి. పోతే అదే రేటింగుది వేయాలి.

అంతా బాగుంది, రేడియో మాత్రం గరగరమంటోంది.

చాలా కార్లలో యాంటెనా అడుగునే చిన్న బూస్టర్ ఉంటుంది. దానికి 12 వోల్టులు అందాలి. పాత స్టీరియో ఇచ్చేది, కొత్తదానికి మీరు ఆ వైరు కలపలేదు. స్టీరియో నీలం వైరును కారు యాంటెనా పవర్ వైరుకు కలపండి. కొన్ని కార్లలో ఆ కరెంటు యాంటెనా కేబుల్ లోపలి నుంచే వెళ్లాలి, దానికి నీలం వైరు ఉన్న యాంటెనా అడాప్టర్ దొరుకుతుంది. నీలం వైరు కొద్ది కరెంటే ఇవ్వగలదు, ఇంకేదీ దానిమీద నడపొద్దు.

స్టీరింగ్ బటన్లు పనిచేస్తాయా?

రెండు రకాలున్నాయి. మొదటిదానిలో ఒక్కో బటన్‌కు ఒక్కో రెసిస్టెన్స్ ఉంటుంది. వైరును స్టీరియో "కీ 1", "కీ 2" వైర్లకు కలిపి, సెట్టింగ్స్‌లో ఒక్కో బటన్ నొక్కి నేర్పిస్తే సరి. రెండోదానిలో బటన్ల కబురు క్యాన్ బస్ మీద వెళుతుంది, దానికి ఇంటర్‌ఫేస్ డబ్బా కావాలి. మీటరును ఓమ్‌ల మీద పెట్టి బటన్లు నొక్కుతూ చూడండి: అంకె మారుతుంటే మొదటి రకం. ఈ పరీక్ష కప్లర్ విప్పి ఉండగా స్టీరియో వైపు వచ్చే పిన్నుల దగ్గరే చేయండి. స్టీరింగ్ కవర్ విప్పకండి, అక్కడుండేది ఎయిర్‌బ్యాగు.

కారులో కంపెనీ యాంప్లిఫయర్ ఉంది.

మీటరుతో చూసినప్పుడు స్పీకర్ జతలు 3-4 ఓమ్‌లు చూపించకపోతే మధ్యలో యాంప్లిఫయర్ ఉందని అనుమానించండి. దానికి తగిన అడాప్టర్ తప్పనిసరి, నీలం మీద తెల్లగీత ఉన్న వైరు కలపకపోతే అది లేవదు, శబ్దమే రాదు. దాన్ని పక్కన పెట్టి స్పీకర్లను నేరుగా కొత్త స్టీరియోకు తగిలించే ముందు స్పీకర్ల ఓమ్‌లు చూడండి. ఇలాంటి వ్యవస్థల్లో 2 ఓమ్‌లు, అంతకంటే తక్కువ ఉన్న స్పీకర్లు కూడా ఉంటాయి. 4 ఓమ్‌లకు చేసిన స్టీరియో వాటిని మోయలేదు.

డబ్బా మీద "50 వాట్లు × 4" అని ఉంది. నిజంగా అంత వస్తుందా?

రాదు. లెక్క చూడండి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు కారులో ఉండేది సుమారు 14.4 వోల్టులు. 14.4ను 14.4తో గుణించి 4 ఓమ్‌లతో భాగిస్తే సుమారు 52. అంటే ఉన్న వోల్టేజి మొత్తాన్నీ స్పీకరు మీద గుమ్మరిస్తే వచ్చే అంకె ఇది, అప్పుడు వినిపించేది పాట కాదు, పగిలిన మోత. శుభ్రంగా వినిపించే శక్తి ఒక్కో ఛానెల్‌కు 20 వాట్ల దరిదాపుల్లో ఉంటుంది. వెనక ఉన్న ఫ్యూజే సాక్ష్యం: 10 ఆంపియర్ల ఫ్యూజు, 14.4 వోల్టులు అంటే లోపలికి వెళ్లేదే 144 వాట్లు. అందులోంచి 200 ఎలా బయటికొస్తాయి?

కొనేటప్పుడు ఆర్ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగల శక్తి) అని రాసిన అంకె చూడండి. 20 వాట్లు తక్కువని దిగులు పడక్కర్లేదు, మంచి స్పీకర్లకు అది కారు నిండా వినిపిస్తుంది.

యాక్సిలరేటర్ నొక్కితే స్పీకర్లలో సన్నటి కూత వస్తోంది.

ఆల్టర్నేటర్ శబ్దం అది. ఇంజిన్ వేగంతో పాటు కూత కూడా పెరగడమే దాని గుర్తు. వాల్యూమ్ సున్నా చేసి వినండి. అప్పుడు కూడా వస్తుంటే యాంప్లిఫయర్ వైరింగ్‌లోనో ఎర్తులోనో ఉంది. వాల్యూమ్‌తో పాటు పెరుగుతుంటే బయటి నుంచి పాట ఇచ్చే దారిలో ఉంది; చార్జింగ్‌లో ఉన్న ఫోన్‌ను ఆక్స్ వైరుతో కలిపినప్పుడు ఇది మామూలే. చార్జర్ తీసి చూస్తే తేలిపోతుంది.

ఎర్తు సందేహమైతే స్టీరియో నల్లవైరును, రంగు గీకి శుభ్రం చేసిన బాడీ ఇనుముకు బోల్టుతో బిగించి చూడండి. విడి యాంప్లిఫయర్ ఉంటే ఆడియో కేబుళ్లు ఒక పక్క, పవర్ కేబుల్ ఇంకో పక్క నడపండి. ఫిల్టర్ కొనడం చివరి మాట.

కొత్తది పెట్టాక బేస్ తగ్గిపోయింది.

ఒక స్పీకరు ప్లస్, మైనస్ అటుదిటు అయింది. ఒకటి గాలిని ముందుకు నెడుతుంటే ఇంకోటి వెనక్కి లాగుతుంది, బేస్ రెండింటి మధ్యా రద్దైపోతుంది. బ్యాలెన్స్‌ను మధ్యలో ఉంచినప్పటికంటే పూర్తిగా ఒక పక్కకు తిప్పినప్పుడు బేస్ బాగుందనిపిస్తే ఇదే. ఆ జత మార్చి కలపండి.

కారు నాలుగు రోజులు కదపకపోతే స్టార్ట్ అవడం లేదు.

కారు నిద్రపోయాక బ్యాటరీ నుంచి లాగే కరెంటు సాధారణంగా 50 మిల్లీ ఆంపియర్లకు మించకూడదు. మైనస్ వైరు తీసి, మధ్యలో మీటరును ఆంపియర్ల మీద పెట్టి, తలుపులు మూసి అరగంట దాటాక చూడండి. మీటరు మధ్యలో ఉండగా స్టార్ట్ చేయొద్దు, మీటరు కాలిపోతుంది. 200 మిల్లీ ఆంపియర్లు లాగుతుందంటే రోజుకు 4.8 ఆంపియర్ అవర్లు. 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో సగం అయిదు రోజుల్లో ఖాళీ. ఆండ్రాయిడ్ తెరలు త్వరగా లేవడం కోసం పూర్తిగా ఆగకుండా కునుకు తీస్తుంటాయి. సెట్టింగ్స్‌లో ఎంతసేపటికి పూర్తిగా ఆగాలో పెట్టొచ్చు, తక్కువ పెట్టండి.

ఆండ్రాయిడ్ తెర తీసుకోవాలా, ఫోన్‌తో నడిచేదా?

ఆండ్రాయిడ్ ఆటో, కార్‌ప్లే ఉన్న మామూలు స్టీరియో వైపే నా ఓటు. మ్యాపులు, పాటలు ఫోన్ నుంచి వస్తాయి, ఫోన్ మారినప్పుడల్లా కారు తెర కూడా కొత్తబడినట్టే. సొంత ఆండ్రాయిడ్ ఉన్న తెరకు ర్యామ్ తక్కువైతే రెండేళ్లకే నత్తనడక మొదలవుతుంది.

రివర్స్ కెమెరా తగిలిస్తే తెర నల్లగా ఉంటోంది.

కెమెరా బొమ్మను పంపే పద్ధతులు వేరువేరు: కెమెరా ఏహెచ్‌డీ, స్టీరియో పాత సీవీబీఎస్ అయితే బొమ్మ రాదు. కొనేముందే రెండూ ఒకటేనా చూడండి. సెట్టింగ్స్‌లో పాల్, ఎన్‌టీఎస్‌సీ అనే వీడియో పద్ధతులు మార్చి చూడండి. రివర్స్ గేరు వేసినా తెర కెమెరాకు మారకపోతే స్టీరియో రివర్స్ వైరుకు 12 వోల్టులు అందడం లేదు, వెనక రివర్స్ లైటు ప్లస్ నుంచి ఇవ్వాలి.

హ్యాండ్‌బ్రేక్ వైరును ఎర్తుకు కలిపేస్తే కారు నడుస్తుండగా వీడియోలు చూడొచ్చట?

కలపొద్దు. కారు కదులుతుండగా డ్రైవర్ ముందు సినిమా ఆడకూడదనే ఆ వైరు పెట్టారు. చాలా చోట్ల చట్టం కూడా ఒప్పుకోదు.

స్టీరియో లోపలికి పోవడం లేదు, చివర్లో ఆగిపోతోంది.

బలంగా నెట్టకండి. వెనక వైర్ల ముద్ద అడ్డుపడుతోంది. బయటికి తీసి, కప్లర్లను స్టీరియో కింద గానీ గ్లవ్ బాక్స్ వెనక గానీ ఖాళీ ఉన్నచోటికి జరిపి, బట్ట టేపుతో కట్టండి. లేకపోతే కారు అదిరినప్పుడల్లా కటకటమంటాయి. ఏసీ, స్టీరింగ్ కడ్డీలు కదిలే దారిలో వైరు పోకుండా చూడండి.

ప్యానెల్ బిగించకముందే అన్నీ పరీక్షించండి: నాలుగు స్పీకర్లు ఫేడర్ (ముందు-వెనక), బ్యాలెన్స్ (ఎడమ-కుడి) తిప్పుతూ ఒక్కొక్కటిగా, రేడియో, బ్లూటూత్ కాల్, కెమెరా, స్టీరింగ్ బటన్లు, హజార్డ్ లైట్లు, ఏసీ. ఎయిర్‌బ్యాగు సూచిక దీపం కప్లర్ విప్పి ఉండగా మాత్రం తాళం తిప్పొద్దు. డ్రైవర్ ముందున్న మీటర్ల దగ్గర ఎయిర్‌బ్యాగు హెచ్చరిక వెలిగి, స్కానర్ పెడితే గానీ ఆరకపోవచ్చు.

పాత స్టీరియోను ఏం చేయాలి?

దాచండి. దాని స్క్రూలు, పక్కల బ్రాకెట్లు, కోడ్ రాసిన చీటీ, పాత ఫ్రేము అన్నీ ఒకే సంచిలో వేసి, పైన కారు మోడల్, సంవత్సరం రాసి పెట్టండి. కొత్త ఫ్రేముకు పాత బ్రాకెట్లు వాడాల్సి వస్తే, అవి ఏ వైపువో రాసిన చీటీ కూడా అందులోనే వేయండి.